మూతి కనబడే మాస్కు

డిండోలి, సూరత్
14 జూన్ 2020

అన్నా,

నీకూ వదినకూ వినోద దండాలు. నువ్వు ఇల్లు చేరావని బస్సు డ్రైవరు తిరిగొచ్చి చెబితే తెలిసింది. నీకు ఫోన్ చేసి లాభం లేదు. ఇన్నేళ్లు కరెంటు మగ్గాల హోరులో నిలబడి చెవులు అక్కడే వదిలేశావు. వదినకేమో చదువు రాదు. అందుకే పోస్టాఫీసు తెరవగానే ఇన్‌లాండ్ కవర్లు తెచ్చుకున్నాను. చిన్నప్పుడు నువ్వు సూరత్ నుంచి రాస్తే నేను ఊళ్లో చదివేదాన్ని. ఇప్పుడు అటుది ఇటయింది.

మా ఆయన పరమేశ్ పనిచేసే రంగుల మిల్లు ఇంకా తెరవలేదు. కిమ్‌లో నేను పోయే ప్లాస్టిక్ ట్రేల కంపెనీకి తాళం పడింది. శేఠ్‌కు ఫోన్ చేస్తే, "బెహన్, మళ్లీ తెరుస్తానో లేదో నాకే తెలియదు" అన్నాడు. ఆ మాట విన్న రోజు ఇద్దరం గోడ చూస్తూ కూర్చున్నాం. మర్నాడు పరమేశ్ అన్నాడు, "గా ట్రేలేవో మనమే చేస్తే ఏమైతది?"

కంపెనీలో నా పని ట్రేల అంచులు కత్తిరించడమే. కానీ మిషన్ నా పక్కనే ఉండేది, చూస్తూనే ఉండేదాన్ని. పల్చటి ప్లాస్టిక్ షీటును చట్రానికి బిగించి హీటరు కింద పెడతారు. అది మెత్తబడి నడుమ ఊయలలా కిందికి జారుతుంది. అప్పుడు గబుక్కున అచ్చు మీదికి దించి, కింద నుంచి గాలి లాగేస్తారు. షీటు అచ్చును వాటేసుకుని అదే ఆకారం పడుతుంది. అంతే పని. చూడ్డానికి అంతే.

పరమేశ్ పాత సామాన్ల కొట్టు నుంచి ఇళ్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ ఒకటి, హీటరు తీగలు కొన్ని తెచ్చాడు. నీ చెక్కపెట్టె మూతకు సన్నటి తూట్లు వేసి, పక్కన క్లీనరు గొట్టం దూర్చాం. గట్టి పెట్టె, గాలి ఎక్కడా పోవడం లేదు. నువ్వు బస్సెక్కే ముందు పరమేశ్ అడిగితే సరేనని తల ఊపావు కదా, మంచిపని చేశావు. లోపలి సామాను మూటగట్టి అటక మీద పెట్టాను.

మొదటి షీటు మాడిపోయింది. రెండోది ముసలి అత్త మొహంలా ముడతలు పడింది. తర్వాత ఒకటి వచ్చిందన్నా, రాఖీలు పెట్టి అమ్మే ట్రే, అద్దంలా! ఈ వరస గదుల్లో అన్ని ఖోలీలవాళ్లకూ చూపించాను. రాఖీలమ్మే ఆమె కొన్ని తీసుకుంది కూడా.

దమ్ము ఎలా ఉంది? పొద్దున ఆయాసం, దగ్గు తగ్గాయా? వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లె,
వినోద


మెట్‌పల్లి
2 జూలై 2020

వినోదా,

ఉత్తరం అందింది. నా పెట్టెకు తూట్లు వేశారని చదివాక మిగతాది మర్నాడు చదివాను.

నన్ను ఎవరూ అడగలేదు. పరమేశ్ బావ అడిగాడంటున్నావు. బస్సు దగ్గర అందరూ ఏవేవో అంటున్నారు. అందరి మూతులకూ గుడ్డలు. ఎక్కు ఎక్కు అంటున్నారనుకున్నాను. పెట్టె పోతే పోయింది. అడక్కుండా తీసుకుని, అడిగామని రాయడం నాకు నచ్చలేదు.

దమ్ము అలాగే ఉంది. ఇక్కడ నా సంగతి అడిగావు కనుక రాస్తున్నాను. మీ వదిన గవర్నమెంటు దవాఖానాలో ఆయా పనికి పోతోంది, నీకు తెలుసు. నేను వచ్చినప్పటి నుంచి ఇంట్లో కూడా మూతికి కొంగు తీయదు. నాకు లోపల పక్క వేసి తను వసారాలో పడుకుంటుంది. గిన్నె గడప మీద పెట్టి దూరం జరుగుతుంది. నేను దగ్గరికి పోతే చెయ్యి రోడ్డు వైపు చాపి ఏదో అరుస్తుంది. వినబడకపోయినా కళ్లు కనబడతాయి కదా. పో, సూరత్‌కే పో అంటోంది. ఏడాదికి రెండుసార్లు వచ్చి పోయే మొగుడు బాగానే ఉన్నాడు. వచ్చి కూర్చున్న మొగుడు బరువయ్యాడు.

ఆమెను ఏమీ అనలేను. ఆమె సంపాదన తింటున్నాను.

మగ్గాలు తెరిస్తే రాయి. వచ్చేస్తాను.

దశరథం


డిండోలి
19 జూలై 2020

అన్నా,

తప్పయింది. పెట్టె సంగతి పరమేశ్‌కు చదివి వినిపిస్తే తల పట్టుకున్నాడు. "నేను బావను నోరు తెరిచి అడిగిన, బావ తల ఊపిండు, నీ మీద ఒట్టు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడు. నువ్వూ చెప్పవు. అయితే జరిగిందేమిటని ఆలోచిస్తూ అన్నం వండుతూ ఉండిపోయాను. అన్నం అడుగంటింది.

అన్నా, నువ్వు మా మాటలు మూతులు చూసి పట్టుకునేవాడివి కదా. చెవుల్లో కొంచెం మిగిలి ఉందనుకున్నాను నేను. మార్చి నుంచి అందరం మూతులు కట్టుకున్నాం. అంటే ఆ నెలలన్నీ మేము మాట్లాడిందేదీ నీకు అందలేదా? ఊరికే తల ఊపుతూ కూర్చున్నావా? ఉన్న ఒక్క ఖోలీలో, మా మధ్యే?

నాకు చాలా బాధయింది.

ఆ బాధలో వదినకు ఫోన్ చేశాను. "మా అన్న నీకు బరువైండా? చెవులు పోయినోన్ని రోడ్డు మీదికి ఎల్లగొడ్తవా?" అని అనకూడనివి కూడా అన్నాను. ఆమె ఏదో చెప్పబోయింది. నేను ఆగలేదు. ఫోన్ కట్ చేసింది. మళ్లీ చేస్తే ఎత్తడం లేదు.

ఇంకో సంగతి. సూరత్‌లో ఘారీ అనే మిఠాయి చేస్తారు కదా, గుండ్రంగా, నెయ్యి పేరుకుని ఉంటుంది. దానికోసం గుంతల ట్రే చేశాం. నిన్న పరమేశ్ ఒక గుంత కత్తిరించి మూతికి అడ్డం పెట్టుకుని, "నేనేమంటున్న చెప్పు?" అని నవ్వించబోయాడు. పెదవులు కదలడం స్పష్టంగా కనబడింది. నేను నవ్వలేదు. చేతిలోంచి లాక్కున్నాను.

గుడ్డ మాస్కు మధ్యన కత్తిరించి ఆ గుంతను కిటికీలా పెట్టి కుట్టాను. బల్లపరుపుగా ఉండే ప్లాస్టిక్ అయితే పెదవులకు అంటుకుంటుంది. ఇది ముందుకు ఉబ్బి ఉంటుంది, మాట్లాడ్డానికి చోటుంటుంది. ఆవిరి పడితే లోపల సబ్బు రాసి పొడిగుడ్డతో తుడిస్తే కాసేపు ఆగుతుంది. రెండు పార్సిలు చేసి పంపుతున్నాను. కోపం తీసి పక్కన పెట్టి వాడి చూడు.

మగ్గాలు అక్కడక్కడ తెరిచారు. నువ్వు మాత్రం రాకు. ఆ దూదిపొట్టులోకి నిన్ను మళ్లీ పోనివ్వను.

వినోద


మెట్‌పల్లి
25 ఆగస్టు 2020

వినోదా,

పార్సిలు వచ్చింది. పెట్టుకున్నాను. నలుగురి ముందూ పెట్టుకున్నాను.

రేషన్ షాపు దగ్గర లైన్లో నిలబడ్డాను. ముందున్నవాడు తిరిగి చూసి నవ్వాడు. వెనకున్నవాళ్లకు చూపించాడు. పిల్లలు చుట్టూ చేరి నా మూతిలోకి తొంగి చూశారు. ఆవిరి పట్టి, చెమట కారి, మూతి దగ్గర చేపల తొట్టి కట్టుకున్నట్టు అయింది. ఎవరు ఏమన్నారో మాత్రం ఒక్క ముక్క తెలియలేదు. మాస్కుతో చెవులు వస్తాయని నువ్వు అనుకున్నావో ఏమో. నాకు పోయింది చెవులు, వినోదా. మూతి నాకు ఉంది. దాన్ని ఊరందరికీ చూపించుకోవాల్సిన పని లేదు.

నువ్వు ఫోన్‌లో అన్న మాటలకు మీ వదిన ఇంకా దూరం జరిగింది. అన్నం పెట్టి వెంటనే వెళ్లిపోతుంది. ఇంతకుముందు అరిచేది. ఇప్పుడు అదీ లేదు.

నా గురించి ఎవరితోనూ కొట్లాడకు. ఇక ఏమీ పంపకు కూడా.

దశరథం


డిండోలి
10 సెప్టెంబర్ 2020

మా పిచ్చి అన్నా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, ఏడ్చాను, మళ్లీ నవ్వాను. పక్క ఖోలీ అంబదాస్ తలుపు కొట్టి ఏమైందని అడిగాడు.

అది నువ్వు పెట్టుకునేది కాదు! ఎదుటివాళ్లు పెట్టుకోవాలి. వదిన పెట్టుకుంటే ఆమె మూతి నీకు కనబడుతుంది. రాయకపోవడం నాదే తప్పు. నీకు తెలిసిపోతుందిలే అనుకున్నాను. నిన్ను లైన్లో అందరి ముందు నిలబెట్టాను చూడు. మన్నించు.

వదినకు ఇవ్వు. నా మీద కోపంతో తీసుకోదేమో. తీసుకునేదాకా అక్కడే కూర్చో.

ఇక్కడ ఏమైందో విను. అమ్రోలిలో ఒక తల్లి ఉంది. గుజరాతీ ఆమె. ఆమె బిడ్డకు పుట్టుకతోనే చెవులు వినబడవు. బడి మూసేశారు కనుక టీచరమ్మ ఇంటికే వచ్చి చెబుతోంది. మాస్కు తీస్తే భయం, పెట్టుకుంటే పిల్లకు పాఠం లేదు. ఎవరో చెబితే మా ఖోలీ వెతుక్కుంటూ వచ్చారు. టీచరమ్మకు కట్టి చూపించాను. పిల్ల ఆమె మూతి చూసి చప్పట్లు కొట్టింది. ఆ టీచరమ్మ తన తోటివాళ్లకని ఇంకా చెయ్యమంది. రాత్రీ పగలూ కూర్చుని చేశాం. వారం తిరక్కుండా అన్నీ వెనక్కి వచ్చాయి. ప్లాస్టిక్ అంచు బుగ్గలకు గీసుకుంటోందట. ఒకామెకు రక్తం వచ్చిందట.

పరమేశ్ ఆ మూటను మూలకు తన్నాడు. "బంద్ చేద్దాం. ట్రేలు చేసుకుని బతుకుదాం. మనుషుల మొహాల జోలికి మనకెందుకు?" అన్నాడు. రెండు రోజులు ట్రేలే చేశాం. మూడో రోజు చూస్తే తనే కూర్చుని అచ్చు అంచును ఉలితో చెక్కుతున్నాడు. కిటికీ చుట్టూ చిన్న గట్టు వచ్చేలా అచ్చు మార్చాడు. ఆ గట్టు మీద గుడ్డ మడిచి కుడితే పదును లోపలే ఉండిపోతుంది. చెంపకు తగిలేది మెత్తటి గుడ్డే. ఎన్ని సరిచేశామో లెక్క లేదు, కానీ ఈసారి ఒక్కటీ తిరిగి రాలేదు.

చెక్క చట్రం వేడికి మాడిపోతోందని ఇనుప చట్రం పెట్టించాం. పని త్వరగా సాగుతోంది. ఒకటి మాత్రం కొన్నవాళ్లందరికీ చెబుతున్నాను. ఇది మాట కోసం చేసింది, జబ్బు వార్డుల్లో పెట్టుకునే మాస్కు కాదు అని. వదినకూ చెప్పు. దవాఖానాలో వాళ్లిచ్చిందే కట్టుకోవాలి. ఇంట్లో నీ ముందు ఇది.

కొత్త అచ్చువి రెండు పంపుతున్నాను. ఊదారంగు వదిన కోసం కుట్టాను.

చెల్లె వినోద


మెట్‌పల్లి
4 నవంబర్ 2020

చెల్లె వినోదకు,

ఇన్ని రోజులు రాయలేదు. రాయడానికి చేతికి ఏమీ రాలేదు.

నువ్వు పంపిన ఊదారంగుది ఆమెకు ఇచ్చాను. తీసుకుని చూసి, అల్మరాపైకి విసిరేసింది. నేను సంచి సర్దుకున్నాను. ఇక్కడ ఉండి చేసేదేముంది? సూరత్‌లో పాత మగ్గం శేఠ్ పిలుస్తున్నాడని మన ఊరి సోమలింగం కాగితం మీద రాసి చూపించాడు. పొద్దున బస్సుకు పోదామనుకున్నాను.

ఆమె డ్యూటీ దిగి వచ్చేసరికి నేను గడప దాటుతున్నాను. సంచి చూసి వాకిట్లోనే ఆగిపోయింది. కొంగు బిగించి పట్టుకుని అరుస్తోంది. అదే చెయ్యి, అదే రోడ్డు వైపు. నాకు ఒళ్లు మండింది. నా గొంతు నాకు వినబడదు, ఎంత గట్టిగా అరిచానో తెలియదు.

"పోతున్న! నువ్వు చెప్పకముందే పోతున్న! ఇన్ని దినాల సంది నువ్వేమంటున్నవో ఒక్క ముక్క నాకు తెల్వది. మూతి కనవడకుంటే నాకు గోడతోని మాట్లాడినట్టే!"

ఆమె చాపిన చెయ్యి దించింది. నాకు కొంచెమన్నా వినబడుతుందని ఆమె ఇన్నేళ్లూ అనుకుందట. ఏదైనా అడిగితే జవాబు చెప్పేవాడిని కదా. మూతి చూసి చెబుతున్నానని ఆమెకు తెలియదు. నేనూ ఎన్నడూ చెప్పలేదు. సెలవులకు వచ్చినవాడు సగం చెవిటివాడైతే చాలు, పూర్తి చెవిటివాడని ఎందుకు చెప్పుకోవాలి అనుకునేవాడిని.

లోపలికి పోయింది. చేతులు కడుక్కుంది. స్టూలు వేసుకుని అల్మరాపై నుంచి ఆ మాస్కు తీసింది. కట్టుకుని వచ్చి, వాకిట్లో దూరంగానే, ఎండ మొహం మీద పడేట్టు నిలబడింది.

వినోదా, మార్చి ముందు చూసిన మూతి అది. పై పెదవి మీద పుట్టుమచ్చ కూడా కనబడింది.

"పో అంటలేను," అంది. మెల్లగా, ఒక్కొక్క మాటా. "దగ్గరికి రాకు అంటున్న. నేను గా వార్డుల బట్టలు ఎత్తుతున్న. నీ ఊపిరి మంచిగ లేదు. నాతోని నీకు అంటుకుంటే నేను బతుకుతనా?"

"మరి రోడ్డు దిక్కు చెయ్యెందుకు?"

"దవాఖాన అటే ఉంది గద! ఆడికెల్లి వస్తున్న, ముట్టుకోకు అంటున్న!"

నేను గడప మీద కూర్చుండిపోయాను. ఆమె వాకిట్లో కూర్చుంది. మధ్యలో సంచి. ఇంకా చాలా చెప్పింది. వసారాలో చలి పెడుతోందని చెప్పింది. దవాఖానాలో పోయినవాళ్ల గురించి చెప్పింది. ఇన్ని నెలల మాటలు ఆమె దగ్గర అలాగే ఉన్నాయి. మధ్యాహ్నందాకా చదువుతూనే ఉన్నాను. కళ్లు నొప్పి పుట్టాయి.

నిన్ను కూడా అంది. "మీ చెల్లె నన్ను తిట్టరాని తిట్లు తిట్టింది. గానీ పని మంచిగ జేసింది. ముక్కుపుల్ల తాకుతుంది, జర లోతుగ పెట్టుమను." ఫోన్ చెయ్యి. ఈసారి ఎత్తుతుంది.

సోమలింగం కూడా మగ్గాల మీద చెవులు పోగొట్టుకున్నవాడే. భివండీ నుంచి, సూరత్ నుంచి వచ్చినవాళ్లు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. అందరూ ఇళ్లల్లో తలలు ఊపుతూ కూర్చున్నారు. మాల్ పంపు. నేను తిరిగి ఇస్తాను. ఎవరు పెట్టుకోవాలో ముందే చెబుతాను.

ఆ పెట్టె మీకు పనికొచ్చింది, సంతోషం.

అన్న దశరథం


డిండోలి
17 ఏప్రిల్ 2021

అన్నా,

ఈ కాగితం పోస్టులో వేయడం లేదు. ఫోటో తీసి, వదినతో పనిచేసే నర్సు అనురాధమ్మ ఫోన్‌కు పంపుతున్నాను. వదిన తెచ్చి చూపిస్తుంది.

నెలగా ఉత్తరం లేదని నువ్వు కోపంగా ఉన్నావని వదిన చెప్పింది. అక్కడ నువ్వు అమ్మిన మాల్ డబ్బుల గురించి అలిగానని అనుకున్నావట. అది కాదు. పరమేశ్‌కు జ్వరం వచ్చింది. దమ్మున్నవాడివి, బయలుదేరి వస్తావేమోనని నీకు చెప్పొద్దన్నాడు. రోజులు గడిచేకొద్దీ ఊపిరి ఆడలేదు. ఇక్కడ ఒక దవాఖానాలో మంచం దొరికేసరికి అంబదాస్, నేను ఊరంతా తిరిగాం. లోపలికి నన్ను రానివ్వలేదు. గేటు దగ్గర వందల మంది ఉన్నారన్నా. ఎవరి పేరు పిలిచినా అందరూ లేస్తున్నారు.

నిన్న వార్డులో పనిచేసే ఒకాయనను కాళ్లావేళ్లా పడితే, నా ఫోన్ తీసుకుపోయి పరమేశ్‌ను వీడియో తీసి తెచ్చాడు. చిన్నది. మూతి మీద గాలి మాస్కు ఉంది. ఏదో చెబుతున్నాడు. ఒక్క మాట వినబడదు. అంతా మిషన్ల హోరు. చెవికి ఆనించి విన్నాను, ఇయర్‌ఫోన్లు పెట్టి విన్నాను. అంబదాస్ నీళ్లు అడుగుతున్నాడంటాడు. నాకు అలా అనిపించడం లేదు. చెయ్యి ఇలా అడ్డంగా ఊపుతున్నాడు, పోయివస్తానన్నట్టు. వేళ్లు మెలితిప్పుతున్నాడు, ఏదో తెగిపోయిందన్నట్టు. అన్నా, నాకు సెలవు చెబుతున్నాడా?

చూడు. నువ్వు ఒక్కడివే చూడగలవు. ఎలాంటి మాటైనా దాచకు.

నిద్ర లేదు. చేతులు ఊరికే ఉంటే పిచ్చి లేస్తోంది. ఇస్తామన్న మాల్ అలాగే ఉంది, పొద్దున లేచి మిషన్ వేసుకుంటాను. పనిలో ఉంటే కొంచెం నయం.

వినోద


మెట్‌పల్లి
17 ఏప్రిల్ 2021, సాయంత్రం

వినోదా,

ముందు ఇది చదువు. మిషన్ ముట్టుకోకు. స్విచ్ వేయకు. వదిన నీకు ఫోన్ చేస్తోంది, ఎత్తు. ఎత్తకపోతే ఈ ఫోటో చూడు. అంబదాస్‌కు కూడా పంపిస్తున్నాం.

బావ సెలవు చెప్పడం లేదు. నేను ఎన్నోసార్లు చూశాను. అనురాధమ్మ ఫోన్‌లో బొమ్మను పెద్దది చేసి, ఆపి ఆపి చూపించింది. గాలి మాస్కులోంచి పెదవులు బాగానే కనబడుతున్నాయి. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"వినోదా, మిషన్ వెయ్యకు. ఎర్త్ వైరు ఊడింది. బిగిద్దామనుకున్న, జరమొచ్చింది. ఇనుప చట్రం ముట్టకు, కొడ్తది. అంబదాసుకు చెప్పు. నేను అన్నం తిన్న."

చెయ్యి అడ్డంగా ఊపింది వద్దు అనడానికి. వేళ్లు మెలితిప్పింది స్క్రూ బిగించమని. తెగిపోయిందేమీ లేదు.

చివర ఇంకో మాట ఉంది. అప్పుడు మాస్కుకు ఆవిరి కమ్మింది. అది చదవలేకపోయాను. ఊహించి రాయను.

మీ వదిన చూసి ఏమందో కూడా రాస్తున్నాను. ఇలాంటి వార్డులో ఏడాది నుంచి ఉన్న మనిషి కదా. "గంత పొడుగు మాట ఆగకుండ చెప్పిండంటే ఊపిరి మంచిగ అందుతుంది. భయపడకుమను. మిషన్ గురించి రంది పెట్టుకున్నడంటే బతకాలని ఉన్నట్టే" అంది. నాకు ధైర్యం చెప్పడానికి కాదు, నిజంగానే అంటున్నావా అని అడిగాను. నిజంగానే అంది. మూతి చూశాను, అబద్ధం లేదు.

నేను బయలుదేరుతానంటే ఆమె సంచి దాచిపెట్టింది. నీకు తోడుగా ఉండలేకపోతున్నాను. ఆయన వీడియోలు ఇంకా తీయించు. ఏ గడియలో పంపినా లేచి చదివి రాస్తాను.

అన్న


డిండోలి
30 మే 2021

అన్నకూ వదినకూ,

దవాఖానా గొడవ అయిపోయింది కనుక మళ్లీ ఇన్‌లాండ్ కవర్లో తీరిగ్గా రాస్తున్నాను. ఫోటో ఉత్తరాలకు వాసన ఉండదు. ఇదైతే మీ చేతికి వచ్చేసరికి నా పసుపు మరకలు కూడా ఉంటాయి.

ఆ సాయంత్రం అంబదాస్ టెస్టరు తెచ్చి, నన్ను దూరం జరిపి, స్విచ్ వేసి ఇనుప చట్రానికి ఆనించాడు. లైటు భగ్గుమని వెలిగింది. అంబదాస్ నా మొహం చూశాడు. తర్వాత ఆయన పొద్దుపోయేదాకా కూర్చుని వైర్లన్నీ కొత్తవి వేశాడు. వేస్తున్నంతసేపూ పరమేశ్‌ను తిడుతూనే ఉన్నాడు, కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

నువ్వు ఆ వార్డు నుంచి వచ్చిన వీడియోలన్నీ చదివి పంపావు. మా ఆయన ఉప్పు లేని పప్పు గురించి, పక్క మంచం ముసలాయన గురక గురించి చెప్పినవి చదివి ఎంత నవ్వానో. వార్డాయన నీ సంగతి తెలిసి ఇంకో ఇద్దరి వీడియోలు కూడా నా ఫోన్‌లో తీసిచ్చాడు కదా. అందులో ఒకాయన ఇంటికి పోయాడు. రెండో ఆయన ఇంటికి పోలేదు. ఆయన బిడ్డ నువ్వు రాసిన కాగితం ఫోటోను దాచుకుంది. "వాళ్లకు నా దండం చెప్పు" అంది. చెబుతున్నాను.

పరమేశ్ ఇంటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. గోడ పట్టుకుని నడుస్తున్నాడు. వచ్చీ రాగానే మిషన్ దగ్గరికి పోయి వైర్లు చూసుకుని, తర్వాతే మంచం మీద కూర్చున్నాడు. మొదటి వీడియోలో చివర ఏమన్నావని అడిగితే యాదికి లేదంటున్నాడు. ఎన్ని విధాలుగా అడిగినా అదే. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

గొంతు ఇంకా రాలేదు. డాక్టరు కొన్నాళ్లు గట్టిగా మాట్లాడొద్దన్నాడు. గుసగుసగా పెదవులు కదుపుతాడు, మిషన్ నడుస్తుంటే నాకు వినబడదు. నీలాగా మూతి చూసి చదువుదామని కూర్చున్నాను. ఎంత కష్టమన్నా ఇది! నువ్వు ఇన్నేళ్లు మా అందరినీ ఎట్లా చదివావు?

ఇవాళ పొద్దున ఏదో అడిగాడు. మాలు, మాలు అంటున్నట్టు కనబడింది. మంచం మీద పడి కూడా ఈయనకు మాల్ మీదే ధ్యాస అనుకున్నాను. చేసినవెన్ని, పోయినవెన్ని, అమ్రోలికి ఎప్పుడు పంపాలి, అన్నీ వరసగా చెప్పుకొచ్చాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు. తర్వాత పొయ్యి వైపు చూపించాడు. ఆయన అడిగింది పాలు. పొంగి నేలంతా కారిపోయాయి.

ఆ రెండు మాటలకూ పెదవులు ఒకేలా మూసుకుంటాయని నాకేం తెలుసు? ఆయన నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు ఆగగానే మళ్లీ నవ్వాడు.

మీ
వినోద